అవ్వ పాటల పెట్టె: పని ఎంతవరకు వచ్చింది

జూన్, మొదటి వారం

అవ్వకు ఫోనులో పాటలు పెట్టుకోవడం ఇక కుదరదని తేలిపోయింది. శుక్లాలు తీయించినా ఎడమ కన్ను సరిగా ఆనదు. వేలు ఒక చోట పెడితే తెర ఇంకెక్కడికో జారుతుంది, సుప్రభాతం మధ్యలో ఎవరో వంకాయ కూర వండడం మొదలుపెడతారు. "గాజు పలక మీద వేలితో రాసుకునే వయసా నాయనా నాది?" అని ఫోను నా చేతికిచ్చేసింది. తిరుపతి గాంధీ రోడ్డులో పాత రేడియో రూపంలో అమ్మే పాటల పెట్టెలు కూడా చూశాను. ఒక్కో దానిలో వేల పాటలుంటాయి. అవ్వకు కావలసినవి పదో పదిహేనో. అన్ని వేలల్లోంచి ఆ పదీ వెతుక్కోవాలంటే కథ మళ్ళీ మొదటికే వస్తుంది.

అందుకే ఇంట్లోనే చేద్దామనుకున్నాను. పెట్టెకు ఒకటే నియమం: ఒక మీటకు ఒక పాట. ఎప్పుడు నొక్కినా ఆ పాటే రావాలి. తెర వద్దు, రిమోట్ వద్దు, నెట్ అసలే వద్దు. చేతికి అందేలా పది మీటలు, అంతే.

సామాను ఎక్కువేమీ లేదు. మనం రాసిన ప్రోగ్రాము నడిపే ఆర్డుయినో నానో అనే చిన్న బోర్డు ఒకటి, డీఎఫ్‌ప్లేయర్ మినీ అనే, కార్డులోని పాటలు పాడే బోర్డు ఒకటి, మెమరీ కార్డు, ఎనిమిది ఓములు మూడు వాట్ల స్పీకరు. డీఎఫ్‌ప్లేయర్ తపాలా బిళ్ళంత ఉంటుంది. లోపలే చిన్న యాంప్లిఫైయర్ ఉంది కాబట్టి స్పీకరును నేరుగా తగిలించవచ్చు. 32 జీబీ వరకు కార్డు తీసుకుంటుంది. మొదట పాట వెనకాల సన్నగా కీచుమనే రొద వచ్చింది. నానో నుంచి బోర్డుకు ఆదేశాలు వెళ్ళే తీగలో వెయ్యి ఓముల రెసిస్టరు పెట్టగానే పోయింది. చేసేవాళ్ళకు ఇంకో మాట: ఈ బోర్డును ఊరికే "మూడో పాట" అని అడిగితే కార్డులోకి మూడోసారి ఎక్కించిన పాట పాడుతుంది, ఫైలు పేరు చూడదు. ఫోల్డరు నంబరు, ఫైలు నంబరు రెండూ చెప్పి అడగాలి.

తీగల పని ఇలా సాఫీగా సాగింది. చిక్కంతా జాబితా దగ్గర వచ్చింది.

జూన్ చివర

ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి అవ్వకు ఇష్టమైన పాటలేవో చెప్పమన్నాను. నాన్న ఏడెనిమిది గడగడా అప్పజెప్పారు, అన్నీ ఘంటసాలవి. అమ్మ చెప్పినవన్నీ అన్నమయ్యవి. అవ్వ తమలపాకు ఈనెలు తీస్తూ ఇద్దరినీ విని, "అవి మీకు ఇష్టమైనవి" అంది.

అక్కడి నుంచి పాట పేరు అడగడం మానేశాను. ఏ వేళకు ఏం వినాలనిపిస్తుందో చెప్పమన్నాను. జవాబులు వేరేగా రాసాగాయి.

తెల్లవారుజామున సుప్రభాతం. అదీ ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గొంతులో 1963లో గ్రామఫోను రికార్డుగా వచ్చినదే. పూర్ణకుంభం కూడలిలో ఆమె విగ్రహం ముందు నుంచి ఆటో వెళ్తే అవ్వ కూర్చున్న చోటి నుంచే దండం పెడుతుంది. భక్తి సరే, అవ్వకు ఆ రికార్డు గడియారం కూడా. అందులో సుప్రభాతం 29 శ్లోకాలు, స్తోత్రం 11, ప్రపత్తి 16, మంగళాశాసనం 14 వరుసగా వస్తాయి. బైరాగిపట్టెడలో కాపురం పెట్టిన కొత్తలో సుప్రభాతం సగంలో ఉండగా కొళాయి వచ్చేదట. స్తోత్రం అందుకునేసరికి బిందెలు నిండాలి, ప్రపత్తికి పాలు పొంగాలి, మంగళాశాసనానికి పిల్లలు లేవాలి. "మీ నాన్నను రోజూ లేపింది నేననుకుంటాడు. ఆ పద్నాలుగు శ్లోకాలే లేపాయి" అని అవ్వ నవ్వింది. చుట్టుపక్కల ఇళ్ళలోనూ అదే రికార్డు మోగేది కాబట్టి ఎవరి పని ఎంతదాకా వచ్చిందో గోడ అవతలి నుంచే తెలిసేదట.

గడియారం మధ్యలో ఆగకూడదు. కాబట్టి ఈ మీటకు వేరే షరతు పెట్టాను. డీఎఫ్‌ప్లేయర్‌లో పాట నడుస్తున్నంతసేపు బిజీ అనే పిన్ను సున్నా వోల్టులకు దిగి ఉంటుంది. మొదటి మీట పాట నడుస్తూ ఆ పిన్ను సున్నాలో ఉంటే ప్రోగ్రాము మిగతా మీటలను పట్టించుకోదు. పెట్టె తుడుస్తూ ఎవరి చేయి తగిలినా సుప్రభాతం సాగుతూనే ఉంటుంది. ఆపి తీరాలంటే వెనక స్విచ్చుంది.

రాత్రి మీట సంగతి నేను ముందే తేల్చేసుకున్నాను: అన్నమయ్య లాలి పాట, జో అచ్యుతానంద. తిరుమలలో రాత్రి ఏకాంత సేవలో తాళ్ళపాక వంశం వారు స్వామికి లాలి పాడే ఆచారం ఉంది. అవ్వ కూడా నాన్నను, అత్తను, తర్వాత నన్ను ఆ పాటతోనే నిద్రపుచ్చింది. ఇంతకంటే తిరుగులేని మీట ఉండదనుకున్నాను. అవ్వ ఒక్క మాటలో కొట్టేసింది. "నేను పాడే పాట ఇంకొకరి నోట వినడం దేనికి? అది పాడడానికి. వినడానికి కాదు."

ఆ లెక్కన గొబ్బి పాటలు పోయాయి, అప్పగింతల పాటలు పోయాయి, వడ్లు దంచేటప్పటివి పోయాయి. నాకు తెలిసి అవ్వకు అన్నిటికన్నా ఇష్టమైనవి అవే. వాటిలో ఒక్కటి కూడా పెట్టెలోకి రాలేదు. తాను పాడలేనివి, పాడినా తృప్తి కలగనివి మాత్రమే మీటలకు మిగిలాయి. పది మీటలు చాలవేమో అన్న నా బెంగ అలా తీరింది.

రాత్రికి లాలి బదులు తరిగొండ వెంగమాంబ మంగళహారతి కావాలంది. ఏకాంత సేవలో ముత్యాల హారతి వెంగమాంబ పేరు మీదే జరుగుతుంది. కానీ అవ్వ కారణం తిరుమలది కాదు, వాయల్పాడుది. అవ్వ పుట్టిల్లు అక్కడికి దగ్గర పల్లె, తరిగొండ పొరుగూరి కింద లెక్క. వెంగమాంబ 1730లో పుట్టి 1817 దాకా బతికింది. పసితనంలోనే భర్త పోయినా బొట్టు తీయడానికి ఒప్పుకోలేదు. అవ్వ మేనత్తకూ పదమూడో ఏటే భర్త పోయాడు. పెద్దలు బొట్టు తుడవబోతే ఆమె ఈ హారతి పాట అందుకుని, "ముందు తరిగొండకు వెళ్ళి ఆ తల్లి బొట్టు తుడిచి రండి" అందట. ఎనభై దాటిన అవ్వ ఆ మాట చెబుతూ గొంతు పెంచింది. పాట రాగం, తాళం గురించి ఒక్క మాటా అనలేదు.

జూలై

అటక మీది రేకు పెట్టె దింపాను. క్యాసెట్లు, వాటి మీద తాత చేతిరాత. కొన్నిటికి బూజు తెల్లగా పట్టింది. టేపు డెక్కు తెరిస్తే లోపలి రబ్బరు బెల్టు కరిగి కప్పీకి తారులా అంటుకుపోయింది. కొత్త బెల్టు వేసి, టేపును చదివే హెడ్డునూ రబ్బరు రోలరునూ మందుల షాపులో కొన్న స్పిరిట్‌తో తుడిచాను. దూది గోధుమరంగుకు తిరిగింది. అది ఏళ్ళ తరబడి టేపు మీంచి రాలిన ఇనుప ఆక్సైడు పొడి. రాలినంత మేర పాట తగ్గినట్టే.

ఒక క్యాసెట్టు మాత్రం పాడడం లేదు, గుసగుసలాడుతోంది. కిటికీ వెలుతురులో చూస్తే టేపును హెడ్డుకు ఒత్తి పట్టే చిన్న మెత్త ఊడిపోయి ఉంది. సన్నని రాగి రేకు మీద గోరులో పావంత స్పాంజి ముక్క. దాని జిగురు ఎండితే పాట అలా దూరమైపోతుంది. పనికిరాని ఒక వ్యాపార ప్రకటనల క్యాసెట్టు మరలు విప్పి, దాని రేకును పట్టకారుతో తీసి ఇందులో కూర్చాను. అయిదు మరలు బిగించి నొక్కగానే చిత్తూరు నాగయ్య గొంతు గది నిండా వచ్చింది. 1946 నాటి త్యాగయ్య సినిమా కీర్తన. ఆయన పుట్టింది రేపల్లెలో అయినా చిత్తూరు నాటకాలతో ఆ ఊరే ఇంటిపేరైపోయింది. అవ్వ వాళ్ళ నాన్న ఆయన నాటకం కోసం చిత్తూరుకు బండి కట్టుకుని పోయేవాడట. నాగయ్యకు ఒక మీట ఖాయం. దీని మీద వాదనే జరగలేదు.

కంప్యూటర్‌కు ఎక్కించేటప్పుడు పాటించినవి: 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లు, ఎంత పెద్ద శబ్దమైనా మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూడడం. అసలు ప్రతి నాణ్యత తగ్గని ఫ్లాక్ రూపంలో విడిగా దాచాను. పెట్టెకు ఎంపీత్రీ చాలు. టేపు బుస మాత్రం తీయలేదు. బుస తీసే ఆదేశం ఇస్తే తంబూర మోత కూడా కొంత పోతోంది. దానికంటే బుసే నయం.

అమ్మ కోసం ఒక మీట ఒప్పించాను. గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ పాడిన వినరో భాగ్యము విష్ణుకథ. అన్నమాచార్య కళామందిరంలో ఆయన కచేరీ ఉందంటే అమ్మ ముందు వరుసలో కూర్చునేది. మొన్న మార్చిలో, 2025లో, ఆయన తిరుపతిలోనే కన్నుమూశారు. ఆ రోజు అమ్మ ఇంట్లో ఆయన పాటలు పెట్టనివ్వలేదు. ఆ తర్వాత రోజుల తరబడి అవే పెట్టింది.

ఈ మీట దగ్గర అవ్వ వేసిన ప్రశ్న ఇంట్లో పెద్ద చర్చకు దారి తీసింది. "నా చిన్నప్పుడు ఈ వరస లేదే, మీరంతా అయిదు వందల ఏళ్ళ పాట అంటారేమిటి?" అని అడిగింది. అవ్వ అడిగింది నిజమే. అన్నమయ్య 1503లో పోయాడు. సంకీర్తనలు రాగి రేకుల మీదికి ఎక్కాయి, తిరుమల గుడిలోని సంకీర్తన భాండారంలో శతాబ్దాలు ఉండిపోయాయి. రేకు మీద ప్రతి పాటకూ రాగం పేరు ఉంది, స్వరం లేదు. ఎలా పాడేవారో చెప్పేవారు లేరు. ఇరవయ్యో శతాబ్దంలో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి వంటివారు వరసలు కట్టారు. తిరుమల తిరుపతి దేవస్థానం 1978లో అన్నమాచార్య ప్రాజెక్టు పెట్టాక అవి ఇంటింటికీ చేరాయి. వినరో భాగ్యము వరస బాలకృష్ణప్రసాద్ కట్టినదే. అంటే పాట తాతముత్తాతలది, వరస మా అమ్మ వయసులోది. నాన్న చాలాసేపు ఒప్పుకోలేదు. ఆ వరసను పుట్టినప్పటి నుంచీ వింటున్నాననే నమ్మకం ఆయనది. నేనైతే ఇందులో బాలకృష్ణప్రసాద్ గొప్పతనమే చూస్తాను. కళ్ళెదుట కట్టిన వరసను జనం పాతదనుకునేంతగా పాటలో కలిపేయడం అందరికీ చేతకాదు.

ఆగస్టు

ఈ నెలంతా ఒకే పాట తినేసింది. శేషశైలావాస. 1960లో వచ్చిన శ్రీ వేంకటేశ్వర మహత్మ్యం సినిమాలోది, పెండ్యాల సంగీతం. ఘంటసాల తానే తెర మీద కనిపించి పాడతాడు. అవ్వ దాన్ని పెళ్ళికి ముందు డేరా సినిమాలో చూసింది. కానీ ఆమెకు కావలసింది సినిమా రికార్డు కాదు, తాత రేడియోలోంచి ఎక్కించిన క్యాసెట్టు.

రేడియో సిలోన్ తెలుగు పాటలకు మా తాత పెద్ద అభిమాని. ఆ రోజుల్లో మీనాక్షి పొన్నుదురై పాటలు పరిచయం చేసేవారు. తాత టేపు రికార్డరును రేడియో ముందు పెట్టి, ఇంట్లో ఎవరూ గిన్నె కదపకూడదని ఆజ్ఞ వేసి, ఎర్ర మీట నొక్కేవాడు. టేపులో షార్ట్‌వేవ్ అలలు అలలుగా పెరిగి తగ్గుతుంది, మధ్యలో తాత దగ్గు, చివర ఎక్కడో కోడి.

చిక్కేమిటంటే పాట వేగంగా ఉంది, పోనుపోను ఇంకా వేగమవుతోంది. కారణం బ్యాటరీలు. నీరసించిన బ్యాటరీలతో మోటారు మెల్లగా తిరుగుతూ రికార్డు చేస్తే, అదే టేపును మామూలు వేగంతో వేసినప్పుడు పాట పరుగెత్తుతుంది, శ్రుతి పైకి పోతుంది. వేగం ఆరు శాతం పెరిగితే శ్రుతి ఒక అరస్వరం లేస్తుంది. పల్లవి దగ్గర తేడా కొద్దిగానే ఉంది. చివరి చరణానికి వచ్చేసరికి ఘంటసాల ఎవరో కుర్రవాడిలా వినిపిస్తున్నాడు. అమ్మ ఎస్వీ సంగీత కళాశాలలో చదువుకుంది. వింటూనే చెవులు మూసుకుంది.

ఆడాసిటీ అనే, శబ్దాలు సరిచేసే ప్రోగ్రాములో వేగాన్ని ముక్కముక్కగా తగ్గిస్తూ సరిచేశాను. అమ్మ శ్రుతిపెట్టె పక్కన పెట్టుకుని ప్రతి చరణం సరిచూసింది. అచ్చంగా ఘంటసాల గొంతు వచ్చింది. రెండు ప్రతులూ అవ్వకు వినిపించాం, ఏది ఏదో చెప్పలేదు.

సరిచేసినది వింటూ అవ్వ తల ఊపింది, "బాగుంది, రేడియోలో వచ్చినట్టుంది" అంది. పరుగెత్తే పాట మొదలవగానే ఒత్తిపట్టిన తమలపాకు కింద పెట్టేసింది. తాత గడ్డం గీసుకుంటూ ఈ పాట పాడేవాడట, చివరి చరణానికి తొందరపడేవాడట, ఎందుకంటే ఆఫీసు బస్సు. క్యాసెట్టు కూడా తొందరపడుతుంది కాబట్టి ఇద్దరూ ఒకేసారి ముగించేవారు. "ఆయన ఆ శ్రుతికే పాడడం నేర్చుకున్నాడు. దీన్ని మెల్లగా చేస్తే ఆయన ముందెళ్ళిపోతాడు" అంది.

అమ్మకు నచ్చలేదు, నాకు నచ్చింది. నాలుగో మీటలో పరుగెత్తే ప్రతే ఉంది. సరిచేసినది కంప్యూటర్‌లో దాచాను. అమ్మ తన ఫోనులో పెట్టుకుంది.

అక్టోబరు

పెట్టె కోసం ఏర్పేడు దగ్గర మాధవమాలకు వెళ్ళాను. కొయ్య బొమ్మలు చెక్కే ఊరు అది. తిరుపతిలో చెక్కపెట్టె చేయిస్తున్నానంటే ప్రతివాడూ గొంతు తగ్గించి "ఎర్రచందనమా?" అని అడుగుతాడు. కాదు, వేప. పురుగు పట్టదు, ఖర్చు తక్కువ, మమ్మల్ని ఎవరూ చెక్‌పోస్టు దగ్గర ఆపరు. చెక్కేవాళ్ళ సలహా మీద స్పీకరు ముఖభాగంలో చిల్లుల బదులు చిన్న తామర రేకులు తొలిపించాను. శబ్దం బాగానే బయటికి వస్తోంది.

మీటల గుర్తులు అవ్వే ఎంచుకుంది. అక్షరాలు కనిపించవు కాబట్టి వేలికి తెలియాలి. సుప్రభాతానికి పాత పావలా బిళ్ళ, వెంగమాంబకు గవ్వ, నాగయ్యకు చింతపిక్క, తాత పాటకు చొక్కా గుండీ. అన్నీ ఆరల్డైట్‌తో అతికించాను. గవ్వను బోర్లా పెట్టాలా వెల్లకిలా పెట్టాలా అన్నదానికి అవ్వ ఒక పూట తీసుకుంది. చివరికి పళ్ళున్న వైపు పైకి. చీకట్లో గీరుకుంటే తెలుస్తుందట.

డిసెంబరు

ధనుర్మాసం దగ్గర పడుతుంటే అవ్వ అసలు విషయం బయటపెట్టింది. ఈ నెల తిరుమలలో సుప్రభాతం బదులు తిరుప్పావై పాడతారు. అక్కడ పాడని నెలలో ఇంట్లో పావలా బిళ్ళ నొక్కితే ఎలా? పైగా ముప్ఫై పాశురాలూ ఒకేసారి వద్దు, ఏ రోజుది ఆ రోజే రావాలి.

దీనికి డీఎస్ 3231 అనే గడియారం బోర్డు కలిపాను. కరెంటు లేకపోయినా గుండీ బ్యాటరీతో తేదీ గుర్తుంచుకుంటుంది. నెల మొదలయ్యే తేదీని కూడా ప్రోగ్రాములో రాసేద్దామనుకుంటే అవ్వ ఒప్పుకోలేదు. "సూర్యుడు ధనుస్సులోకి ఎప్పుడు వస్తాడో పంచాంగం చూసి నేను చెబుతాను. అది నీ చిప్పు పని కాదు." కాబట్టి వెనక ఇంకో స్విచ్చు పెట్టాను. అవ్వ దాన్ని పైకి వేసిన రోజు నానోలో కరెంటు పోయినా చెరగని ఈప్రామ్ అనే మెమరీలో నమోదవుతుంది. అక్కడి నుంచి గడియారం రోజులు లెక్కపెట్టి ఆ నాటి పాశురం తీస్తుంది. స్విచ్చు కిందికి దించితే మళ్ళీ సుప్రభాతం. ఈ మధ్య అవ్వ స్విచ్చు వేసింది, లెక్క తప్పకుండా నడుస్తోంది. తమిళం మాట మాటకూ అర్థం కాకపోయినా ఈ ఊళ్ళో ఆండాళ్ పాశురం వినని ఇల్లు తక్కువే.

మిగిలిన పని: పాట మొదట్లో స్పీకరు టప్ మంటోంది. చిన్న రిలే, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్చు పెట్టి, బోర్డు నిలదొక్కుకున్నాకే స్పీకరు కలిసేలా చేయాలి. కరెంటు పోతే నడవడానికి లిథియం బ్యాటరీ, ఛార్జింగు బోర్డు తెప్పించాను, ఇంకా తగిలించలేదు. పది మీటల్లో రెండు మిగిలాయి. ఒకదానిలో మా అన్న కొడుకు ఏదో కొత్త సినిమా పాట వేయించుకున్నాడు. వాడు వచ్చినప్పుడు అవ్వే దాన్ని నొక్కి వాడి ముఖం చూస్తుంది. రెండోదాని జోలికి ఎవరినీ పోనివ్వడం లేదు, కారణం చెప్పడం లేదు.

పలమనేరు నుంచి మా పిన్ని తన అత్తగారికి ఇలాంటిదే ఒకటి కావాలంది. నలభై పాటల జాబితా పంపింది. పాట పేర్లు కొట్టేసి, ఆ పెద్దావిడను అడిగి ఏ వేళకు ఏది కావాలో రాసి పంపమన్నాను. ఇంకా జవాబు రాలేదు.